పదకొండు పంక్తులు

హల్ రేవులో, చేపల బజారు పైన, రెండో అంతస్తు.
మెట్లెక్కేసరికి బట్టలకి కాడ్ చేపల వాసన,
తలుపు తీస్తే వేడి మైనం వాసన.
మా పత్రిక ఈ రెంటి మధ్యా పుట్టేది,
నెలనెలా, ఆలస్యంగా.

డోరీన్ స్టాథర్స్ ఇంటర్వ్యూ నా బల్ల మీదికి
పొడుగాటి కాగితపు రిబ్బన్లుగా వచ్చింది, గురువారం మధ్యాహ్నం.
ఎదురెదురు పేజీలు రెండు.
ఎడమ పేజీ మొత్తం ఫోటో, కుడివైపుకి కాస్త పొర్లాలి,
మిగిలిన చోట మాటలు, అన్నాడు నేలర్
నోట్లో సిగరెట్టు తియ్యకుండానే.

మొహం మడతలో పడుతుందన్నాను.
పడనీ అన్నాడు.
మడతకి మొహమాటం లేదు:
ముక్కు సగం అటు, సగం ఇటు,
పిన్ను కొట్టేవాడి చెయ్యి వణికితే
గాయనికి మూడో కన్ను.
అందుకని ఆమెను రెండంగుళాలు పక్కకి జరిపాను.
జరిపాక చూస్తే ఆమె చూపు పేజీ బయటికి పోతోంది.
చూపు లోపలికుండాలి, చదివేవాడు దాని వెంటే నడుస్తాడు.
నాకు పని నేర్పిన ముసలి హెడ్లీ మాట ఇది.
నెగెటివ్ తిరగేశాం.
దాంతో ఆమె గిటారుకి ఎడమచేతి వాటం వచ్చింది.
తర్వాత ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది దాని గురించి.

ప్రశ్నలు లావు అక్షరాల్లో,
జవాబులు సన్నంగా.
అడిగేవాడి గొంతు ఎందుకలా ఒళ్లు చేస్తుందో
ఇరవై రెండేళ్లు అతికించినా నాకు అంతుబట్టలేదు.
ఆమె మొదటి మాట ‘నేను’.
ఇంగ్లీషులో అది ఒక్క గీత.
మూడు పంక్తుల ఎత్తున నిలబెడితే
తెరచాప ఊడిన ఓడ కొయ్య.

నడుమ, రెండు గీతల మధ్య, ఒక మాటని పైకెత్తి పెట్టాలి.
గోరంతను కొండంత చెయ్యడమే ఆ పని.
నేలర్ పెన్సిలుతో చుట్టినది:
“నాకు ఎవరి పాటా నచ్చదు.”
టీ చల్లారిపోయిందని విసుక్కుంటూ అన్న మాట.
రిబ్బన్లో ఆ టీ సంగతి పక్కనే ఉంది.
ముప్ఫై ఆరు పాయింట్లలోకి టీ పట్టదు.

అన్నీ అతికించాక పదకొండు పంక్తులు మిగిలాయి.
అడుగున గిటారు తీగల కంపెనీ ప్రకటన.
అది కదలదు, డబ్బిచ్చింది.
గీతలు సన్నం చేశాను, సందులు బిగించాను,
ఓడ కొయ్యని కూడా ఒక పంక్తి పొట్టి చేసి చూశాను.
“చివర్నుంచి కొయ్,” అన్నాడు కోటు తొడుక్కుంటూ.
కోశాను.

రాత్రి ఇంట్లో స్వెట్టర్ విప్పుతుంటే
మోచేతికి అంటుకుని ఉందది.
మైనం ఉన్నిని పట్టిందంటే వదలదు.
వంటింటి దీపం కింద నిలబడి చదివాను:

‘అమ్మ మా రేడియోని ట్రాలర్ల బ్యాండు మీదే ఉంచేది.
ఐస్‌లాండ్ వైపు నుంచి మగాళ్ల గొంతులు,
వల ఎంత బరువు, గాలి ఎటు.
నాన్న మాట్లాడేది పక్క ఓడలతో, మాతో కాదు.
మైకు వదిలేముందు మాత్రం గోటితో రెండుసార్లు తట్టేవాడు.
ఒకటి అమ్మకి, ఒకటి నాకు.
ఒక జనవరిలో గరగర ఒక్కటే వచ్చింది.
నా పాటల మొదట్లో ఆ రెండు తట్లు ఏమిటని
అందరూ అడుగుతారు.
మీరొక్కరే అడగలేదు.
అందుకే చెప్పాను.’

అట్టలు అప్పటికే తొమ్మిదింటి రైల్లో
డాంకాస్టర్ దాటి ఉంటాయి.

పత్రిక వచ్చాక చూశాను.
అంచులు తిన్నగా, అక్షరం పొల్లుపోకుండా, బాగుంది పేజీ.
నేలర్ భుజం తట్టాడు, ఒకసారి.

ఆ ముక్కని మా వంటింటి రేడియో వెనక అతికించాను.
ఇంకా ఊడలేదు.
అప్పటి మైనం మంచిది.